బొగ్గు బాయి మూస్తే తమ్ముడు ఎటు పోవాలె?

"మీరక్కడ బొగ్గు తవ్వుతూనే ఉంటే, మేమిక్కడ కాలుష్యం ఎంత తగ్గించుకుని ఏం లాభం?" జర్మనీలో నేను పనిచేసే చోట, మధ్యాహ్నం భోజనాల దగ్గర జర్మన్ సహోద్యోగి అన్న మాట ఇది. నాది గోదావరిఖని అనీ, మా నాన్న సింగరేణిలో రిటైరయ్యాడనీ ఆయనకు తెలుసు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

అక్కడే లెక్క చెప్పాను. ఏడాదికి సగటు భారతీయుడి వాటా 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు అటూఇటూ. సగటు జర్మన్‌ది దానికి మూడు రెట్ల పైనే. మీ జర్మనీలోనే గార్జ్‌వైలర్ గనిలో లిగ్నైట్ అనే గోధుమ బొగ్గు ఇంకా తవ్వుతూనే ఉన్నారు కదా అన్నాను. ఆయన కాదనలేదు. అయినా నా మనసు కుదుటపడలేదు. వాతావరణం సంగతి మనవాళ్లకు పట్టదన్న ఆయన అనుమానమే తొలిచేస్తోంది.

ఎండ సంగతి మావాళ్లకు ఒకరు చెప్పాలా? తమ్ముడు ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద, బొగ్గు మీద నుంచి తీసేసే ఓబీ మట్టి టిప్పర్ నడుపుతాడు. మే నెలలో నీళ్లల్లో ముంచి తలకు చుట్టుకున్న తువ్వాల, ఒక్క ట్రిప్పు తిరిగొచ్చేసరికి ఎండి అట్ట కడుతుంది.

ఆదివారం ఫోన్లో నాన్నను అడిగాను, బొగ్గు బందు పెడతామంటే మనోళ్లు ఒప్పుకుంటారా అని.

"ఎండ ముదిరిందని నాకెవలు చెప్పాలె బిడ్డా? బాయి మూస్తె మూయనీ. తమ్మునికి పని సూపెట్టి మూయుమను."

నేనుండే రూర్ ప్రాంతమూ బొగ్గు సీమే. ఇక్కడి రాతిబొగ్గు గనులు మూసెయ్యాలని 2007లోనే నిర్ణయించారు. చివరి గని బొట్రోప్‌లో మూతపడింది 2018 డిసెంబర్‌లో. మధ్యలో పదకొండేళ్లు. యాభై దాటిన అండర్‌గ్రౌండ్ కార్మికులకు పింఛను వచ్చేదాకా భృతి ఇచ్చారు, గని మూసినందుకని ఎవరినీ రోడ్డున పడెయ్యలేదు. ఇది చూసినప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అయితే ఆ గనులు మూసింది వాతావరణం కోసం కాదు. దిగుమతి బొగ్గు చవక, సబ్సిడీ భారం మోయలేకపోయారు. ఇక్కడి జనం మనకంటే మంచివాళ్లై ఒప్పుకోలేదు, బువ్వకు భరోసా దొరికింది కాబట్టి ఒప్పుకున్నారు.

మన దగ్గరా మార్పు మొదలైంది. 2022లో రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పూర్తయింది. సంతోషమే. కానీ పలకలు బిగించాక అక్కడ ఎంతమందికి పని ఉంటుంది? సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలే. తగ్గడమంటే ఏమిటో కోల్‌బెల్టుకు కొత్తగా చెప్పక్కర్లేదు. పర్మినెంటు కార్మికుడికైతే ఒక బాయి మూసినా ఇంకో బాయికి బదిలీ ఉంటుంది. తమ్ముడికి టెండరు అయిపోతే అయిపోయినట్టే.

మర్నాడు ఆ సహోద్యోగితో ఇదంతా చెప్పాను. తమ్ముడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడనీ, జీతమిచ్చి సోలార్ పని నేర్పేవాళ్లుంటే రేపే టిప్పర్ దిగుతాడనీ కూడా చెప్పాను.