మారిషస్‌లో మధ్యాహ్నం రోడ్డు మీద, రాత్రి హోటల్లో

మారిషస్‌లో హోటళ్లు వెతుకుతుంటే దాదాపు ప్రతి గది పక్కనా ‘హాఫ్ బోర్డ్’ అని కనిపిస్తుంది. పొద్దున టిఫిను, రాత్రి భోజనం గది అద్దెలోనే కలిసి ఉంటాయన్నమాట. ఇద్దరు పిల్లలు, నీచు ముట్టని మా అత్తయ్యగారు మాతో ఉన్నారు. కొత్త చోట చీకటి పడ్డాక తిండి కోసం తిరిగే టెన్షన్ ఉండదు కదా అని అదే తీసుకున్నాం.

మేం వెళ్లింది జూలైలో. భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి అప్పుడు అక్కడ చలికాలం. చలి అంటే స్వెట్టర్లు వేసుకునేంత కాదు, రాత్రుళ్లు ఫ్యాన్ అక్కర్లేదు అంతే. కాకపోతే ఆ నెలల్లో ఆగ్నేయం నుంచి గాలి గట్టిగా వీస్తుంది, తూర్పు తీరానికి ఆ పోటు ఎక్కువ. అందుకే పడమటి వైపున్న ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో దిగాం. అక్కడ సముద్రం చెరువులా ఉంది. దూరంగా పగడపు దిబ్బల దగ్గర అలలు తెల్లగా విరిగిపోతుంటాయి, ఒడ్డుకొచ్చేసరికి వాటిలో పస ఉండదు. నడుం లోతు నీళ్లలో పిల్లల్ని వదిలేసి నిశ్చింతగా కూర్చున్నాను. అడుగున పగడపు ముక్కలూ ముళ్లున్న సముద్రపు అర్చిన్లూ ఉంటాయి కాబట్టి రబ్బరు బూట్లు మాత్రం ఉండాల్సిందే.

గది గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. శుభ్రంగా ఉంది, పక్కకు వంగి చూస్తే సముద్రం కనిపిస్తుంది. కథంతా భోజనాల హాల్లోనే.

రాత్రి భోజనానికి మగవాళ్లు నిక్కర్లతో రాకూడదని హాలు గుమ్మం దగ్గరే బోర్డు. మా ఆయన పొడుగు ప్యాంటు కోసం గొణుక్కుంటూ మళ్లీ గదికి నడిచారు. లోపల రోజుకో దేశం వంట. ఇండియన్ నైట్ అని పెద్ద అక్షరాలతో రాసిన రోజున మీగడలో మునిగిన తియ్యటి పనీరు, ఉప్పు మరిచిన పప్పు పెట్టారు. పిల్లలు బ్రెడ్డు తిని లేచారు. క్రియోల్, అంటే అక్కడి స్థానిక వంటల రాత్రి మాత్రం నిజంగా బాగుంది. టమాటా, వెల్లుల్లి, థైమ్ ఆకులు వేసి మగ్గబెట్టిన రుగాయ్. క్యాబేజీ, క్యారెట్, బీన్స్ సన్నగా తరిగి పసుపూ ఆవాలూ నూనెతో కలిపిన అచార్. తాటిజాతి చెట్టు మొవ్వతో చేసిన సలాడ్. ప్రతి గిన్నె దగ్గరా ఆగి “ఇందులో చేప ఉందా బాబూ?” అని అత్తయ్య తెలుగులోనే అడిగేశారు. సర్వర్ కుర్రాడికి ముక్క అర్థం కాలేదు కానీ విషయం మాత్రం పట్టేశాడు. వంటాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన మూతలు ఒక్కొక్కటే తీసి, ‘ఉంది’, ‘లేదు’ అని వేలితో చూపిస్తూ వరస మొత్తం తిప్పాడు.

నాకు నచ్చనిది నీళ్ల సంగతి. మా హాఫ్ బోర్డులో రాత్రి భోజనంతో తాగేవేవీ కలిసి లేవు, మంచినీళ్ల సీసా కూడా. టేబుల్ మీద సీసా పెట్టి, పక్కనే సంతకం కోసం చీటీ పెడతారు. సారా తాగేవాళ్లకు బిల్లు వేయండి, కాదనను. అన్నం తినేవాళ్లకు నీళ్లు కొనిపించడం ఏం మర్యాదో!

అసలు తిండి మాకు పగటిపూట, హోటల్ బయట దొరికింది. ఆ దేశంలో అందరూ తినేది ధోల్ పూరీ. పసుపు బఠాణీ పప్పును ఉడికించి, పొడిలా చేసి, పిండిలో పొదిగి పల్చగా వత్తి పెనం మీద కాలుస్తారు. మోటార్ సైకిల్ వెనక అద్దాల పెట్టె కట్టుకున్న ఒకాయన బట్ట కింద నుంచి రెండు పూరీలు లాగేవాడు. వాటి మీద చిక్కుడు గింజల కూర ఒక గరిటె, రుగాయ్ ఒక గరిటె, “పిమా?” అని అడిగి పచ్చిమిర్చి కారం, చుట్టేసి కాగితంలో పెట్టి చేతికిచ్చేవాడు. మనం చిల్లర తీసే లోపు అయిపోయేది. అక్కడ ఒక్కటి ఎవరూ తినరు, ఎప్పుడూ జంటే. కొరికితే పప్పు పొడి మెత్తగా రాలుతుంది. అత్తయ్య రెండో జంట కూడా తిన్నారు, హోటల్లో ఏ రాత్రీ అంత తృప్తిగా తినలేదు. మధ్యాహ్నం దాటితే పెట్టె ఖాళీ, మళ్లీ రేపే.

రాజధాని పోర్ట్ లూయిస్ వెళ్లిన రోజు ముందు ఆప్రవాసీ ఘాట్ చూశాం. 1834 నుంచి చెరకు తోటల కూలీలుగా మనవాళ్లను ఓడల్లో తెచ్చి దింపిన చోటు. రాతి మెట్లు కొన్ని మిగిలాయి. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, అందుకే ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. అక్కడి నుంచి సెంట్రల్ మార్కెట్‌కు నడిచి అలూదా తాగాం: చల్లటి పాలలో సబ్జా గింజలు, అగర్ జెల్లీ ముక్కలు, వెనీలా. వేడివేడి గాతో పిమా అచ్చం మన మసాలా వడే. వాళ్లు దాన్ని వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకుని పొద్దున్నే తింటారు.

ఒక రాత్రి డబ్బులు కట్టేసిన హోటల్ భోజనం వదులుకుని ఊళ్లోని చిన్న చైనీస్ హోటల్‌కు వెళ్లాం. మా పెద్దవాడు బోల్ రాన్వెర్సే తెప్పించుకున్నాడు. గిన్నె అడుగున వేయించిన గుడ్డు, దాని మీద కూర, పైన అన్నం అదిమి, పళ్లెంలో బోర్లిస్తారు. గిన్నె ఎత్తగానే గుడ్డు టోపీ పెట్టుకున్న అన్నం గుట్ట. మెనూలో ధరలకు 15 శాతం వ్యాట్ కలిసి ఉందో లేదో చూసుకోవాలి. మారిషస్ రూపాయి మన రూపాయికి దాదాపు రెట్టింపు కాబట్టి తేడా బాగానే తెలుస్తుంది.

మళ్లీ వెళ్తే టిఫిను మాత్రమే ఉండే గదే తీసుకుంటాం. నీళ్లు సూపర్ మార్కెట్లో పెద్ద సీసాలు కొనుక్కుని గదిలో పెట్టుకుంటే సరిపోతుంది. రాత్రి బయట తినాలంటే ఒక్కటి గుర్తుంచుకోవాలి: చీకటి పడ్డాక బస్సులు బాగా తగ్గిపోతాయి, ట్యాక్సీల్లో మీటరు వేయడం అరుదు. తిరిగి రావడానికి కూడా కలిపి ముందే బేరం తేల్చుకుని ఎక్కండి.