నాన్నగారి పన్నెండు బోర్ తుపాకీకి ఏ తూటా?

తుపాకీ మీద 12 అని, తూటా మీద 12 అని ఉంటే చాలు, ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయని మా ప్రాంతంలో చాలామంది నమ్ముతారు. దక్షిణ ఒడిశాలోని గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు రైతు కుటుంబాల్లో పంటరక్షణ కోసం లైసెన్సు మీద ఉన్న తుపాకులు తరచుగా తండ్రి నుంచో తాత నుంచో వచ్చినవే. తుపాకీ వయసు అరవై, డెబ్భై ఏళ్లు ఉంటుంది. అందులో పెట్టే తూటా మాత్రం నిన్న దుకాణంలో కొన్నది. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందా అని విచారించేవారు తక్కువ. నా దగ్గరున్నది కూడా నాన్నగారి జోడు గొట్టాల తుపాకే. దానికి తూటాలు కొనడానికి వెళితే, ఒక దుకాణంలో "పన్నెండే కదా బాబూ, ఏదైనా పడుతుంది" అన్నారు. పడుతుంది, నిజమే. చిక్కంతా అలా పడిపోవడంలోనే ఉంది.

అసలు విషయంలోకి వెళ్లే ముందు చట్టం సంగతి చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేట లేదు. మా వైపు చైత్ర పర్బ్ రోజుల్లో, సరిహద్దుకు అవతల మన్యంలో ఇటుకల పండగ రోజుల్లో అడవికి వెళ్లే ఆచారం ఉన్నా, ఆచారం ఉన్నంత మాత్రాన చట్టం సడలదు. 2022 సవరణ తరువాత అడవిపంది రెండో షెడ్యూలులో, అంటే చట్టరక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. పంటను పాడుచేస్తున్న పందిని చంపాలంటే 11వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. చేతిలో తుపాకీ లైసెన్సు ఉండటం వేరు, పందిని కాల్చే అనుమతి ఉండటం వేరు. పొలం చుట్టూ కరెంటు తీగ కట్టేవారినీ, పిండిముద్దలో నాటుబాంబు పెట్టేవారినీ నేను రైతులుగా లెక్కించను. ఆ తీగకూ ఆ బాంబుకూ పందికంటే ముందు బలయ్యేది పశువులు, మనుషులు. ఇక్కడ రాస్తున్నది లైసెన్సూ అనుమతీ రెండూ ఉన్నవారి కోసం.

12 బోర్ అనే అంకె దేన్ని చెబుతుంది? గొట్టం వెడల్పుకు సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఒక పౌను బరువుకు పన్నెండు తూగితే అది 12 బోర్. మిల్లీమీటర్లలో చెప్పాలంటే గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5. అంతకు మించి ఆ అంకె ఏమీ చెప్పదు. తూటా పొడవెంతో, గొట్టం ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో, ఏ రకం మందుకు దాన్ని పరీక్షించారో ఆ పన్నెండులో లేదు. వాటిని వేరేచోట చదువుకోవాలి.

ముందుగా పొడవు. తూటా కూర్చునే భాగాన్ని ఛాంబర్ అంటారు. పాత ఇంగ్లాండు తుపాకుల ఛాంబర్ ఎక్కువగా రెండున్నర అంగుళాలు, అంటే 65 మి.మీ. ఆ తరువాతి వాటిలో రెండుముప్పావు అంగుళాలు, అంటే 70 మి.మీ.; మాగ్నమ్ అనే వాటిలో మూడు అంగుళాలు, అంటే 76 మి.మీ. తూటా డబ్బా మీద రాసే కొలత కాల్చకముందు తూటా పొడవు కాదు, కాల్చిన తరువాత మూత విచ్చుకున్న ఖాళీ తూటా పొడవు. చాలామందిని మోసం చేసేది ఇదే. 76 మి.మీ. తూటా మూత మడిచి ఉన్నంతసేపూ పొట్టిగా ఉంటుంది కాబట్టి 70 మి.మీ. ఛాంబర్‌లో హాయిగా దిగుతుంది, తుపాకీ మూతపడుతుంది, చేతికి ఏ తేడా తెలియదు. ట్రిగ్గర్ నొక్కగానే ఆ మడతలు ముందుకు విచ్చుకోవాలి. కానీ అక్కడ ఛాంబర్ అప్పటికే అయిపోయి, గొట్టం సన్నబడే వాలు మొదలవుతుంది. విచ్చుకోవాల్సిన అంచులు ఆ వాలులో ఇరుక్కుంటాయి, వాటి మధ్య నుంచే సీసపు గుళ్లూ, మందుకూ గుళ్లకూ మధ్య ఉండే వాడ్ అనే అడ్డుబిళ్లా దూసుకుపోవాలి. దారి ఇరుకైనకొద్దీ వెనక ఒత్తిడి పెరుగుతుంది. పైగా పొడుగు తూటాలో మందూ గుళ్లూ కూడా సాధారణంగా ఎక్కువే ఉంటాయి. ఒక్క దెబ్బకే తుపాకీ పేలిపోవాలని ఏమీ లేదు. కొన్నేళ్లు భరించి, గొట్టాలను పిడికి పట్టి ఉంచే బిగింపు వదులై, ఒకనాడు కాల్చేవాడి ముఖం ముందే తెరుచుకునే తుపాకులూ ఉంటాయి. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనే వాదనను అందుకే నేను ఒప్పుకోను.

పొట్టి తూటాను పొడుగు ఛాంబర్‌లో కాల్చడం వల్ల ఒత్తిడి పరంగా ప్రమాదం లేదు. 70 మి.మీ. తుపాకీలో 65 మి.మీ. తూటా కాల్చవచ్చు. గుళ్ల చెదురు కొంచెం మారవచ్చు, అంతే.

ఈ కొలత ఎక్కడ ఉంటుంది? తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గొట్టాల కింద ఉండే చెక్కముక్కను ఊడదీసి, గొట్టాలను పిడి నుంచి విడదీయాలి. వాటిని తిరగేసి, ఛాంబర్ కింది చదునైన భాగాన్ని కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడవాలి. ఏళ్ల తరబడి పేరుకున్న నూనె జిడ్డు కింద నుంచి చిన్న చిన్న ముద్రలు బయటపడతాయి. నా తుపాకీ మీద కిరీటం కింద నైట్రో (పొగరాని మందు) పరీక్ష ముద్ర, వజ్రం ఆకారపు గీతల మధ్య 12, దాని కింద సి అక్షరం, ఆ పక్కన రెండున్నర అంగుళాల గుర్తు, ఇంకో మూలన ఒకటింబావు కాదు, ఒకటిన్నొక్క ఎనిమిదోవంతు ఔన్సు అనే గుళ్ల బరువు కనిపించాయి. ఆ చివరిదాన్ని భూతద్దం పెట్టి చదవాల్సి వచ్చింది. 1954 తరువాత బర్మింగ్‌హామ్, లండన్ పరీక్షశాలల్లో ముద్ర వేసిన తుపాకుల మీద చదరపు అంగుళానికి ఇన్ని టన్నులని ఒత్తిడి కూడా ఉంటుంది: రెండున్నర అంగుళాల వాటికి సాధారణంగా మూడు టన్నులు, రెండుముప్పావు వాటికి మూడుంబావు. ఇతర ఐరోపా దేశాల తుపాకుల మీద నేరుగా 65, 70, 76 అని మిల్లీమీటర్లలోనే ఉంటుంది. ముద్ర అరిగిపోతే ఊహించకూడదు. లైసెన్సున్న తుపాకీ మరమ్మతుదారు ఛాంబర్ గేజ్ దింపి చెబుతాడు. అయితే ఒక మెలిక ఉంది. ముద్ర వేసిన తరువాత ఎవరైనా ఛాంబర్‌ను తొలిచి పొడుగు చేసి ఉండవచ్చు. అప్పుడు కొలత 70 చూపినా, పరీక్ష జరిగింది 65కే అని అర్థం. అటువంటిదానికి చిన్న తూటాయే వాడాలి.

జమీందారీ ఇళ్ల నుంచి చేతులు మారిన పాత తుపాకుల్లో గొట్టాల మీద చెక్క నరల వంటి వంకర గీతలు కనిపించేవి ఉన్నాయి. చూడముచ్చటగా ఉంటాయి. ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి కలిపి కాల్చి చేసిన డమాస్కస్ గొట్టాలవి. అవి ఎక్కువగా పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) రోజులకు చెందినవి, ఇప్పటి తూటాలన్నింటిలో ఉండేది పొగరాని మందు. నైట్రో పరీక్ష ముద్ర లేని డమాస్కస్ గొట్టంలో ఇప్పటి తూటా పెట్టడమంటే తెలిసి తెలిసి చేతివేళ్లను పందెం కాయడమే. ముద్ర ఉన్నా సరే, లోపల తుప్పు ఎంత తిన్నదో పైకి కనపడదు. వాటిని గోడకు తగిలించుకోవడమే మేలు అంటాను, అదీ లైసెన్సు నిబంధనలకు లోబడి.

ఇక ఒక ఇంట్లో రెండు బోర్లు ఉన్నప్పటి సంగతి. సన్నదైన 20 బోర్ తూటా 12 బోర్ తుపాకీలో వేస్తే ఛాంబర్ దాటి ముందుకు జారి, దాని అంచు గొట్టం మొదట్లో తట్టుకుని ఆగిపోతుంది. వెనక నుంచి చూస్తే ఖాళీగానే కనిపిస్తుంది. చీకట్లో, పంది అలికిడి విన్న తొందరలో, పడలేదేమో అనుకుని దాని వెనక 12 బోర్ తూటా పెట్టి కాలిస్తే ముందున్న తూటాను వెనకదాని గుళ్లు కొడతాయి, గొట్టం ఎడమచేయి పట్టుకునే చోటే చీలుతుంది. 20 బోర్ తూటాలను పసుపు రంగులో చేసే అలవాటు అందుకే వచ్చింది. రాత్రి టార్చి వెలుగులో ఆ పసుపు ఏపాటి కనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. రెండు రకాల తూటాలు ఒకే జేబులోకి రానివ్వకపోవడం ఒక్కటే దారి.

రైఫిళ్ల విషయం మా ప్రాంతానికి అంతగా పట్టదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మన ఇషాపూర్ కర్మాగారపు .315 రైఫిల్ తూటా 8 మి.మీ.ది. అప్పట్లో సైన్యం వాడిన .303 తూటాలు పౌరుల చేతుల్లో ఉండకూడదని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించడంతో ఆ కొలత వాడుకలోకి వచ్చింది. .30-06, .308 అనే రెండు రైఫిల్ తూటాల గుండు వెడల్పూ ఒకటే, ఖాళీ తూటా పొడవు మాత్రం 63, 51 మి.మీ. పొట్టిదాన్ని పొడుగుదాని ఛాంబర్‌లో పేలిస్తే తూటా మెడకు ఆధారం ఉండక చీలిపోయి, వేడి వాయువు వెనక్కి తన్నవచ్చు. రైఫిళ్లలో పొట్టి తూటా కూడా క్షేమం కాదన్నమాట. అమెరికాలో లైసెన్సు మీద జింకల వేటకు వెళ్లే మా మేనల్లుడు ఇంకో జంట గురించి చెప్పాడు. "మావయ్యా, .223కీ .300 బ్లాకౌట్‌కీ మ్యాగజైన్ ఒకటే, చూపుకు తేడా తెలియదు. లావు గుండు సన్న గొట్టంలో ఇరుక్కుని రైఫిళ్లు బద్దలవుతున్నాయి, అందుకే నేను మ్యాగజైన్లకు రంగు టేపు చుట్టాను" అన్నాడు. మంచి పద్ధతి.

సరైన తూటానే పెట్టినా గొట్టం శుభ్రంగా లేకపోతే ఆ జాగ్రత్తంతా వృథా. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో అప్పగించి, ఫలితాల తరువాత తెచ్చుకుంటాం. 2024 మే 13న మా వైపు పోలింగ్ జరిగింది. ఆ వేసవంతా తుపాకీ గోడకు ఆనించి ఉండిపోయింది. తెచ్చాక ఛాంబర్ వైపు నుంచి వెలుతురుకు పెట్టి చూస్తే కుడి గొట్టంలో వెలుగు గుండ్రంగా కనిపించింది, ఎడమదాంట్లో అసలు లేదు. శుభ్రం చేసే కడ్డీని నెమ్మదిగా తోస్తే గొట్టం చివరి నుంచి ఎండిన మట్టి పొడి, దానితోపాటు కాళ్లు ముడుచుకున్న చిన్న చిన్న సాలీళ్లు రాలాయి. మట్టిగూడు కట్టే కందిరీగ అందులో గూడు పెట్టి, పిల్లల మేతకు సాలీళ్లను దాచింది. అంత చిన్న మట్టి ఉండ అడ్డుపడినా గుళ్లు అక్కడ ఒక్క క్షణం తడబడతాయి, ఆ చోట గొట్టం ఉంగరంలా ఉబ్బుతుంది లేదా చీలుతుంది. పొలం గట్టు దిగుతూ గొట్టం మొన బురదలో గుచ్చుకున్నా ఇదే ఫలితం. అందువల్ల తూటా పెట్టే ముందు ప్రతిసారీ గొట్టంలో నుంచి చూడాలి.

వానాకాలంలో మరో బెడద. కాగితపు గొట్టం ఉన్న పాత తూటాలు చెమ్మకు ఉబ్బి ఛాంబర్‌లో దిగవు. వాటిని బలవంతంగా తోయకూడదు. మందు చెమ్మగిల్లితే రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. నొక్కినా పేలకపోతే, గొట్టం క్షేమమైన దిక్కుకే ఉంచి కనీసం అర నిమిషం, వీలైతే నిమిషం ఆగి అప్పుడు తెరవాలి, ఎందుకంటే కొన్ని ఆలస్యంగా పేలుతాయి. పేలినా ఢామ్మనక తుస్సుమంటే, వాడ్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. మొదటి గొట్టం తుస్సుమంది, పంది ఇంకా అక్కడే ఉంది, వెంటనే అదే గొట్టంలో ఇంకోటి పెట్టి కొట్టాలనిపిస్తుంది. ఆ పంది పోతే పోనివ్వాలి.

మంచె ఎక్కేటప్పుడు తుపాకీ ఖాళీగా ఉండాలి, పైకి చేరాక తాడుతో లాక్కోవాలి, ఆ తరువాతే తూటా. మొక్కజొన్నలో కదలిక కనిపించిందని కాల్చకూడదు. పక్క చేనువాడు నీళ్లు కట్టడానికి వచ్చి ఉండవచ్చు, అతనిదీ అదే అలికిడి. ఆరో నంబరు సన్నగుళ్లు సుమారు రెండు వందల మీటర్ల వరకు పోతాయి, ఎస్‌జీ అనే లావు గుళ్లు ఆరు వందల మీటర్లు దాటవచ్చు. పందిని నమ్మకంగా పడగొట్టే దూరం ముప్పై ముప్పైయైదు మీటర్లే అయినా, తప్పిన గుండు అక్కడ ఆగదు. .30-06 గుండు మూడు కిలోమీటర్లు దాటుతుంది. వంశధార ఒడ్డున కాలిస్తే అవతలి ఊరు కూడా దాని దారిలోదే. మంచె ఎత్తు నుంచి కిందికి కాల్చడంలో ఉన్న మేలు గుండు నేలలోకి దిగడం. గట్టు మీద ఆకాశం నేపథ్యంగా నిలబడ్డ పంది వైపు తుపాకీ ఎత్తనే కూడదు.

చివరగా సరిహద్దువాళ్లకే ఉండే ఒక తలనొప్పి. ఇల్లు ఒడిశాలో, భూమి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నవారు మాలో ఉన్నారు. లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో పుస్తకంలో రాసి ఉంటుంది. ఒడిశాకు మాత్రమే చెల్లేదైతే ఆ తుపాకీతో గట్టు దాటి అవతలి రాష్ట్రపు చేలో అడుగుపెట్టకూడదు. రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న కొఠియా గ్రామాల వారికి ఈ సలహా ఎలా చెప్పాలో నాకు తెలియదు. తూటాలకూ లెక్క ఉంది: ఏ బోరువి, ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చో అదే పుస్తకంలో ఉంటుంది, కొన్నప్పుడల్లా దుకాణదారు అందులో ఎక్కించాలి. తాతగారి పెట్టెలో 16 బోర్ తూటాలో, అమ్మేసిన రైఫిల్ తాలూకు తూటాలో దొరికితే అవి మన లైసెన్సులో లేనివి. ఎవరికైనా ఇవ్వడం, చెరువులో పారేయడం, కాల్చి చూడటం కాకుండా, స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసి అప్పగించి, ఆ అప్పగింత రసీదును లైసెన్సు పుస్తకంలోనే పెట్టుకోవాలి.