సెర్న్‌లో గ్రిడ్ చూసిన పూట

జెనీవా రైల్వే స్టేషన్ ముందు 18వ నంబర్ ట్రామ్ ఎక్కితే అరగంట లోపే ఆఖరి స్టాప్ సెర్న్, అణువుకన్నా చిన్న కణాలను పరిశోధించే యూరప్ సంస్థ. దిగగానే రోడ్డు మీదుగా గాల్లో వేలాడుతున్న పెద్ద గొట్టాల్లాంటి భవనం కనిపిస్తుంది. అదే సందర్శకుల కోసం 2023లో తెరిచిన సైన్స్ గేట్‌వే. టికెట్ లేదు. గైడ్ వెంట లోపలికి వెళ్లాలంటే అదే రోజు అక్కడే పేరు రాయించుకోవాలి, ఏ విభాగం చూపిస్తారన్నది వాళ్ల ఇష్టం. మా బృందానికి డేటా సెంటర్ వచ్చింది. ప్రోటాన్లనే సూక్ష్మ కణాలను ఢీకొట్టించే, భూగర్భంలో ఉన్న 27 కిలోమీటర్ల సొరంగం చూడాలని వచ్చినవాళ్లు కాస్త నీరసపడ్డారు. నేను మాత్రం దీనికోసమే వచ్చాను.

అద్దాల అవతల వరసగా సర్వర్లు. వాటికంటే నన్ను కట్టిపడేసింది గోడ మీది తెర. దాని మీద భూగోళం, ఊరి నుంచి ఊరికి పరుగెత్తే గీతలు. ఒక్కో గీతా డేటా ప్రయాణమే. ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు పుట్టే సమాచారంలో పనికొచ్చేదాన్ని వడపోసి దాచినా ఏటా ఎన్నో పెటాబైట్లు అవుతుంది (ఒక పెటాబైట్ అంటే పది లక్షల గిగాబైట్లు). ఒక్క చోట అంత కంప్యూటింగ్ పెట్టడం సెర్న్ వల్ల కాదు. అందుకే ఎన్నో దేశాల కంప్యూటర్ కేంద్రాలను కలిపి ఒక్కటిగా వాడతారు, దాన్నే గ్రిడ్ అంటారు. మొత్తం గ్రిడ్ శక్తిలో సెర్న్ వాటా ఐదో వంతు కూడా ఉండదని విని ఆశ్చర్యపోయాను. మిగతాదంతా కార్ల్స్‌రూ, లియోన్, బోలోన్యా, షికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్ లాంటి పెద్ద కేంద్రాలది, వాటి తర్వాతి మెట్టులో ఉన్న చిన్న కేంద్రాలది. అన్నీ కలిపి 40కి పైగా దేశాల్లో దాదాపు 170.

వాటిలో మనవి కూడా ఉన్నాయి. ఆ ఢీకొనడాలను గమనించే ప్రయోగాల్లో సీఎంఎస్ ప్రయోగానికి ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్, ఆలిస్ ప్రయోగానికి కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రం. తెరమీద భారతదేశం వైపు గీత కదిలినప్పుడు పక్కనున్న పెద్దాయనకి చూపించకుండా ఉండలేకపోయాను.

ముంబైలో ఒక విద్యార్థి తన ప్రోగ్రామ్ పంపిస్తే, దానికి కావలసిన డేటా ఎక్కడుందో, ఏ కేంద్రం ఖాళీగా ఉందో చూసి సాఫ్ట్‌వేరే అక్కడికి చేరుస్తుంది. డేటా కొండంత, ప్రోగ్రామ్ చిన్నది కాబట్టి వీలైనంతవరకు ప్రోగ్రామే డేటా దగ్గరికి వెళ్తుంది. దేశదేశానికీ వేరే అకౌంట్ అక్కర్లేదు. ఒకచోట గుర్తింపు ఇస్తే మిగతా దేశాలు దాన్ని నమ్ముతాయి. ఈ నమ్మకం కుదర్చడం యంత్రాలు కొనడం కంటే కష్టమైన పని అయ్యుంటుందని నాకనిపించింది.

ఇంకో సంగతి. ఏ దేశం పెట్టిన డబ్బు ఆ దేశంలోనే యంత్రాలుగా, పని నేర్చిన మనుషులుగా మిగులుతుంది. అన్నీ జెనీవాలోనే పెట్టి ఉంటే కోల్‌కతాలో ఇలాంటి కేంద్రాన్ని నడిపే అనుభవం మనవాళ్లకు ఎక్కడి నుంచి వచ్చేది? మిగతా కణాలకు ద్రవ్యరాశి ఎలా వచ్చిందో చెప్పే హిగ్స్ కణం వార్త 2012 జూలై 4న చెప్పినప్పుడు అప్పటి సెర్న్ డైరెక్టర్ జనరల్ రోల్ఫ్ హోయర్ ప్రోటాన్లను పరుగెత్తించే యాక్సిలరేటర్, ప్రయోగాలతో పాటు గ్రిడ్‌నీ పేరుపెట్టి మెచ్చుకున్నారు. మన పత్రికల్లో ఆ మూడో పేరు నాకు పెద్దగా కనిపించలేదు. అది ఇప్పటికీ బాధే.

వెళ్లేవాళ్లకు ఒక మాట: సోమవారం సెలవు. పొద్దున్నే చేరుకోండి, టూర్లలో చోటు త్వరగా అయిపోతుంది. మీ వంతుకు డేటా సెంటర్ వస్తే మాత్రం మార్చమని అడగకండి.