మంత్రదండం కిటికీ: ఆరో వారానికి ఎంతవరకు వచ్చింది

అమెరికాలోని యూనివర్సల్ ఆర్లాండో వినోద పార్కులో 2014లో వచ్చిన మంత్రదండాల్లో బ్యాటరీ లేదు. కొసనున్న పూస మీద పడిన ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని) వెలుగు వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది, అంతే. తెలివంతా కిటికీ వెనకున్న కెమెరాది. కిటికీ ముందు దండంతో గీత గీస్తే మూత తెరుచుకునే మా నమూనాదీ అదే సూత్రం: రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ లేని నోఐఆర్ కెమెరా వెర్షన్ 2, 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు 12, దండం కొసకు రిఫ్లెక్టర్ టేపు.

వారం 1: వెలుగు

ఎల్ఈడీలను లెన్సు చుట్టూ ఆనించి బిగించాలి. వెలుగు బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది కాబట్టి, అడుగు దూరంలో పెడితే కెమెరాకు దాదాపు ఏమీ అందదు. ఆరేసి చొప్పున రెండు సిరీస్ వరుసలు, 12 వోల్టుల సప్లై. ఒక్కో ఎల్ఈడీ 1.5 వోల్టులు తీసుకోగా మిగిలేది 3. వరుసకో 33 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే కరెంటు 90 మిల్లీఆంపులు. దాని మీద 0.27 వాట్లు ఖర్చవుతాయి గనక పావు వాట్ రెసిస్టర్ చుర్రుమంటుంది, అర వాట్‌దే వేయాలి.

వారం 2, 3: కెమెరా

640×480 మోడ్ అడిగితే సెన్సార్ నడిమి ముక్కే వస్తుంది. 2 మీటర్ల దూరంలో 2.4 మీటర్ల వెడల్పు కనపడాల్సింది, మీటరు కూడా రాదు. 1640×1232లో తీసి సగానికి కుదించాం. 8 మిల్లీమీటర్ల కొస అప్పుడు రెండు మూడు పిక్సెళ్లే, అయినా చాలు. ఆటో ఎక్స్‌పోజర్ ఆపి 2 మిల్లీసెకన్లకు బిగించాలి. లేకపోతే చీకటి ఫ్రేము చూసి గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెంచేసి గోడంతా తెల్లగా చేస్తుంది.

అద్దం మరో తలనొప్పి. మన ఎల్ఈడీలే అందులో ప్రతిఫలించి పన్నెండు దొంగ చుక్కలు పుట్టించాయి. లెన్సుకూ ఎల్ఈడీలకూ మధ్య నల్ల ఫోమ్ గొట్టం పెట్టి అద్దానికి నొక్కితే పోయాయి. బూట్ల మెరుపు పట్టీలు మాత్రం ఇంకా కొసలాగే కనపడతాయి, ఫ్రేము కింది మూడో వంతును కొట్టేయడమే దారి. ఎండ పడే చోట ఇది పనిచేయదు, ఎండలోనూ 850 నానోమీటర్ల వెలుగు ఉంటుంది.

వారం 4: మనిషి వచ్చాడా?

ఒంటి వేడిని బట్టి మనిషి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సార్ ఇక్కడ దండగ. ఒంటి వేడి నుంచి వచ్చే పొడవాటి ఇన్‌ఫ్రారెడ్ తరంగాలు కిటికీ అద్దం దాటవు. దండం కెమెరా ఎక్స్‌పోజర్‌లో ముఖమూ కనపడదు. అందుకే విడిగా మామూలు వెబ్‌క్యామ్, ఓపెన్‌సీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని హార్ క్యాస్కేడ్ (ముఖాన్ని గుర్తుపట్టే పద్ధతి), సెకనుకు 5 ఫ్రేములు. ముఖం ఉందో లేదో తెలిస్తే చాలు, ఎవరిదో అక్కర్లేదు. ఫొటో ఒక్కటీ దాచడం లేదు. తల బాగా పక్కకు వాల్చితే దొరకదు.

వారం 5, 6: గీత

దండం కొస చుక్క అర సెకను కదలకుండా ఉంటే గీత మొదలు, మళ్లీ ఆగితే ముగింపు. మధ్యలో 4 ఫ్రేముల దాకా మాయమైనా ఓర్చుకోవాలి, మణికట్టు తిరిగితే టేపు పక్కకు పోతుంది. దారిని సమదూరంలో 64 బిందువులుగా తీసి, సైజు సమం చేసి, ముందే రికార్డు చేసిన నమూనా గీతతో సగటు దూరం చూస్తాం. గీతలను గుర్తుపట్టే 2007 నాటి డాలర్ వన్ ($1) పద్ధతి ఇదే, కానీ అందులోని తిప్పి పోల్చే మెట్టు తీసేశాం. అది ఉంటే నిలువు గీతా అడ్డ గీతా ఒకటే అంటుంది!

మూత తెరిచే సర్వో మోటారుకు 5 వోల్టులు విడిగా ఇచ్చి, గ్రౌండ్ మాత్రం కలపాలి. రాస్ప్‌బెర్రీ పై నుంచే కరెంటు తీసుకుంటే మూత లేచీ లేవగానే అది రీబూట్ అవుతోంది. ఎడమచేతి వాళ్లు వృత్తాన్ని ఎదురు దిక్కులో గీస్తున్నారు, వాళ్లకు రెండో నమూనా ఇంకా రికార్డు చేయాలి.