వానలో రోజెటా గిటార్

రాత్రి నిద్ర పట్టక ఫోన్ తిప్పుతుంటే దేవుడి పాటల్ని ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయిస్తూ పాడిన అమెరికన్ గాయని సిస్టర్ రోజెటా థార్ప్ వీడియో ఒకటి తగిలింది, ఇక నిద్ర సంగతి వదిలేయండి. 1964, ఇంగ్లండ్‌లో మాంచెస్టర్, మూతపడ్డ రైల్వే స్టేషన్. ఈ ప్లాట్‌ఫామ్ మీద పాట, పట్టాలకి అవతల ప్లాట్‌ఫామ్ మీద జనం. అప్పుడే వాన పడింది కాబట్టి ఆవిడ కూడా వాన పాటే ఎత్తుకుంది, ‘డిడింట్ ఇట్ రెయిన్’ అని. దాదాపు యాభై ఏళ్ల మనిషి, మంచి కోటు వేసుకుని, భుజాన తెల్ల గిబ్సన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో దిగి, మధ్యలో సోలో అందుకుంటే ఉంటుందీ... ఆ తీగ సాగదీసేటప్పుడు ముఖంలో కాస్తంత కష్టం కూడా కనపడదు!

పుట్టింది 1915లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో. తల్లి చర్చిల్లో ప్రచారం చేసేది, ఆవిడ వెంట తిరుగుతూ చిన్నప్పుడే గిటార్ పట్టింది. 1938లో డెక్కా అనే రికార్డుల కంపెనీకి పాటలు రికార్డు చేసింది, అదే ఏడాది న్యూయార్క్‌లో కాటన్ క్లబ్‌లో పాడింది, దేవుడి పాటలు నైట్‌క్లబ్‌లోనా అని చర్చి వాళ్లు గొడవ, అయినా రెండు చోట్లా పాడింది. 1951లో తన మూడో పెళ్లిని వాషింగ్టన్ బేస్‌బాల్ స్టేడియంలో టికెట్లు పెట్టి మరీ చేసుకుని, పెళ్లి బట్టల్లోనే కచేరీ ఇచ్చింది (మన దగ్గర ఈవెంట్ మేనేజర్లకి ఇంకా తట్టలేదు, నయం).

పెద్ద అమెరికన్ గాయకులు ఎల్విస్ ప్రెస్లీ, జానీ క్యాష్ ఆవిడ అభిమానులే. 1973లో పోతే మాత్రం సమాధికి చాలా ఏళ్లు రాయి కూడా లేదు. రాక్ సంగీతంలో గొప్పవాళ్లని గౌరవించే రాక్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లకి ఆవిడ 2018లో గుర్తొచ్చింది. ఇంత ఆలస్యమా అని నాకైతే ఒళ్లు మండింది.