మూడు గళ్ల ఫారం, మా రెండో తరగతి

మండల స్థాయి శిక్షణ అయ్యాక మా చేతికి ఒక ఫారం ఇచ్చారు. ప్రతి పిల్లవాడి పేరుకు ఎదురుగా మూడు గళ్లు: చూసి నేర్చుకుంటాడు, విని నేర్చుకుంటాడు, చేసి నేర్చుకుంటాడు. ఏదో ఒకదానికి టిక్ పెట్టాలి. నేను చెప్పేది రెండో తరగతి. పిల్లల్లో సగం మంది పక్క తండా నుంచి వస్తారు.

ఈ విభజన గురించి అంతకుముందే కొంత చదివాను. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ 1992లో తెచ్చిన వార్క్ (చూడటం, వినడం, చదవడం-రాయడం, చేయడం) నమూనాతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పరిశీలించారు. పిల్లలు నేర్చుకునే శైలిని బట్టి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. అందుకే టిక్ పెట్టే ముందు పిల్లల్ని దగ్గరగా గమనించాలనుకున్నాను.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని, రోజుకు కొద్దిమందినే చూశాను. ఎక్కడ ఆగిపోయారు, ఏం చేస్తే ముందుకు కదిలారు, అంతే రాసుకున్నాను. చురుకు, బద్ధకం లాంటి మాటలు రాయలేదు.

వెనక వరుసలో కూర్చునే ఒక బాబు, కథ చెబితే చాలు, ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేవాడు. బోర్డు మీది లెక్కలు మాత్రం అన్నీ తప్పులే. పైకి చూస్తే 'విని' గడికి సరిగ్గా సరిపోయే పిల్లవాడు. కానీ బోర్డు మీద రాసింది ఎక్కించుకోమన్నప్పుడల్లా పక్కవాడి నోట్‌బుక్ చూస్తున్నాడు, అందులోది తప్పు లేకుండా రాస్తున్నాడు. ముందు వరుసలో కూర్చోబెడితే బోర్డు మీదిదీ సరిగానే రాశాడు, కళ్లు చికిలించుకుంటూ. పాఠశాలకు వచ్చిన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందానికి చూపిస్తే ఆస్పత్రికి పంపారు. కళ్లజోడు వచ్చింది. ఆ గడిలో టిక్ పెట్టి ఊరుకుని ఉంటే వాడికి ఏడాదంతా కథలు చెబుతూ ఉండేవాళ్లం, చూపు సంగతి ఎవరికీ తెలిసేది కాదు. నాకు ఇప్పటికీ తలుచుకుంటే భయం వేస్తుంది.

తండా నుంచి వచ్చే ఒక పాప బొమ్మల పుస్తకం వదిలేది కాదు, ఏం అడిగినా మాట్లాడేది కాదు. ఇంట్లో వాళ్లది లంబాడీ. అదే తండాకు చెందిన నాలుగో తరగతి అమ్మాయిని పిలిచి పాఠంలోని కథను లంబాడీలో చెప్పించాను. పాప మధ్యలోనే అందుకుని, తర్వాత ఏమవుతుందో తానే చెప్పేసింది. అప్పటి నుంచి కొత్త పాఠంలోని ముఖ్యమైన మాటలను ముందుగా రెండు భాషల్లోనూ చెప్పుకుంటున్నాం. లంబాడీ మాటలు నాకు నేర్పేది పిల్లలే.

ఇక పాఠాల సంగతి. 42లోంచి 17 తీసేయడం చెప్పేటప్పుడు పది పుల్లల కట్టలు అందరి చేతికీ ఇచ్చాను. ఒక కట్ట విప్పితే గానీ 'అప్పు తెచ్చుకోవడం' ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పలక మీద గీతలు, ఆ తర్వాతే అంకెలు. ల, ళ తేడా అందరూ చెవితో వినాల్సిందే. వత్తులు అందరూ కంటితో చూసి, చేత్తో దిద్దాల్సిందే. ఎలా చెప్పాలో పాఠమే నిర్ణయించింది.

జట్లు చేయడానికి నాకు పనికొచ్చింది తొలిమెట్టు (తెలంగాణ ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం, లెక్కలకు పునాది వేసే కార్యక్రమం) పరీక్షే. ఎవరు అక్షరాల దగ్గర ఉన్నారు, ఎవరు పదాలు చదువుతున్నారు, ఎవరికి వాక్యాలు వస్తున్నాయి అనేది దాంతో తెలిసిపోతుంది. పైగా పిల్లవాడు నేర్చుకున్న కొద్దీ జట్టు మారుతుంది. 'విని నేర్చుకునేవాడు' అన్న ముద్ర ఒకసారి పడితే తీసేవాళ్లుండరు.

ఫారంలో టిక్కులు పెట్టలేదు. ఒక్కొక్కరి గురించి రెండు మూడు వాక్యాలు రాసి జత చేశాను. మా హెడ్మాస్టర్ చదివి, సంతకం పెట్టి పంపారు. ఏడాది చివర నోట్‌బుక్‌ను మూడో తరగతి టీచర్‌కు ఇచ్చాను. ఆ బాబుకు ఏటా కంటి పరీక్ష చేయించాలని, పాపకు వత్తులు ఇంకా పట్టుబడలేదని మొదటి పేజీలోనే రాసి పెట్టాను.