మీటింగు పాటకు ట్రంపెట్ తోడైతే

రెడ్‌స్కిన్స్ అనే ఇంగ్లాండ్ బ్యాండ్ పేరు మన దగ్గర దాదాపు ఎవరికీ తెలియదు, వాళ్ల దేశంలోనే చాలామంది మరిచిపోయారు. యార్క్ ఊరి పోరగాళ్లు ముగ్గురు, గుండ్లు గీయించుకున్న స్కిన్‌హెడ్‌లు, కానీ పక్కా సోషలిస్టులు. ఆ రోజుల్లో అక్కడ గుండు కనబడితే నేషనల్ ఫ్రంట్ అనే ఫాసిస్టు పార్టీ జాత్యహంకారి అనుకునేవాళ్లు, ఆ వేషాన్నే వాళ్ల చేతుల్లోంచి గుంజుకోవాలని వీళ్ల పంతం. 1984 జూన్‌లో లండన్‌లో బహిరంగ కచేరీలో పాడుతుంటే ఫాసిస్టు గుంపు వచ్చి దాడి చేసింది కూడా.

అదే ఏడాది చివర్లో వచ్చిన సింగిల్ (విడిగా రికార్డుగా వచ్చే పాట) 'కీప్ ఆన్ కీపిన్ ఆన్'. బ్రిటన్ చార్టుల్లో 43 దగ్గర ఆగిపోయింది. రేడియోలో వారం వారం చదివేది టాప్ 40 కదా, ఇంకో మూడు స్థానాలు ఎక్కి ఉంటే ఇంకెంతమంది చెవిన పడేదో!

అప్పటికి బొగ్గు గని కార్మికులు నెలల తరబడి సమ్మెలో ఉన్నారు. 20 గనులు మూస్తామని, సుమారు 20,000 ఉద్యోగాలు పోతాయని పైనుంచి మాట వచ్చాక 1984 మార్చిలో మొదలైంది, ఇప్పుడేమో చలికాలం మీద పడుతోంది. అలాంటప్పుడు వచ్చిన పాట 'గెలుపు మనదే' అని గొంతు చించుకోవాలి కదా, ఇది అలా చేయదు. రోజులు బాగాలేవు, మనసూ బాగాలేదు, అయినా ఆగొద్దు అంటుంది, అదీ కాళ్లు ఆడించే బీటు మీద, ట్రంపెట్లతో. నాకు నచ్చింది ఇదే. పాడే క్రిస్ డీన్ గొంతు సోల్ (అమెరికా నల్లవాళ్ల సంగీతం) సింగర్ గొంతేం కాదు, పైకి పోతే గీరుకుపోతుంది, పోనీ.

క్లాష్ అనే పంక్ బ్యాండ్ లాగా నడవాలి, సుప్రీమ్స్ అనే అమెరికా గాయనుల బృందం లాగా పాడాలి అన్నది వాళ్ల లెక్క. నల్లగొండోళ్లకు ఇది కొత్త లెక్కేం కాదు. నిజాం మీద పోరాటంలో మన సుద్దాల హనుమంతు చేసింది ఇదే కదా, జనం అప్పటికే ఇష్టపడే గొల్ల సుద్దులు, బుర్రకథ తీసుకుని అందులో రాజకీయం పోశాడు. మా దగ్గర ఇప్పటికీ ముందు పాట, తర్వాతే ఉపన్యాసం, పాట అయిపోగానే సగం మంది లేచిపోతారు, అది వేరే సంగతి. డప్పు కొట్టే ఒక అన్నకు ఈ సింగిల్ వినిపిస్తే "ఏందిరా, పెండ్లి బ్యాండా?" అన్నాడు. కానీ వేళ్లు మాత్రం టేబుల్ మీద దరువేస్తూనే ఉన్నాయి, ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

ఆ నవంబర్‌లోనే 'ది ట్యూబ్' అనే టీవీ షోకి పిలిస్తే డర్హమ్ గని కార్మికుడిని వెంట తీసుకెళ్లి లైవ్‌లో మైకు ముందు నిలబెట్టారు. ఆయన మాట్లాడాడు, మైకే పని చేయలేదు. ఎందుకన్నది ఎవరి అనుమానం వాళ్లది.

1985లో వచ్చిన 'బ్రింగ్ ఇట్ డౌన్' 33 దాకా ఎక్కింది, వీళ్ల గురించి రాసేవాళ్లు ఎక్కువగా దాన్నే ఎత్తుకుంటారు. బాగనే ఉంటుంది గానీ అందులో కోపం ముందు నడుస్తుంది, పాట వెనక వస్తుంది. 1986లో ఆల్బమ్ వచ్చింది, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లదే. 'కీప్ ఆన్ కీపిన్ ఆన్' ఆ ఆల్బమ్‌లోనూ ఉంది, దొరికితే వినండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, మార్టిన్ హ్యూస్ వాయించిన బేస్ గిటార్ మొత్తం పోతుంది.